అరపేజీ కథనంలోంచి 46 వేల లెక్క

2011 ఏప్రిల్‌లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, మన దేశంలో పాముకాటుతో ఏడాదికి 45,900 మంది చనిపోతున్నారని తేల్చింది. దానికి మూడేళ్ల ముందు, 2008లో, ప్రపంచ దేశాలన్నిటి లెక్కలు తీసిన మరో బృందం భారతదేశానికి వేసిన అంచనా సుమారు 11,000. ప్రపంచం మొత్తానికి ఆ బృందం చెప్పిన కనిష్ఠ సంఖ్యే 20 వేలకు దగ్గర. కొత్త లెక్క ప్రకారం ఒక్క మన దేశంలోనే అంతకు రెట్టింపు కంటే ఎక్కువ మంది పోతున్నారు.

రాష్ట్రాల వారీగా చూస్తే ఉత్తరప్రదేశ్‌లో 8,700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,200, బిహార్‌లో 4,500. జనాభాతో పోల్చి రేటు తీస్తే మొదటి స్థానం మనదే. లక్షమందికి దేశ సగటు 4.1 అయితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 6.2.

మూడేళ్లలో పాములేమీ నాలుగింతలు కాలేదు. లెక్క తీసిన పద్ధతి మారింది. ఆ పద్ధతిలో సగం గణాంకశాస్త్రం, సగం ఇంటింటికీ వెళ్లి కూర్చుని జరిగింది చెప్పించుకోవడం. సామాజిక పరిశోధనలో సంఖ్యల పద్ధతినీ కథనాల పద్ధతినీ కలపాలని విశ్వవిద్యాలయాల్లో తరచూ చెబుతారు, ‘మిక్స్‌డ్ మెథడ్స్’ అని దానికో పేరూ ఉంది. ఆచరణలో చాలా సిద్ధాంత గ్రంథాల్లో అది 300 మందితో ఒక సర్వే, పదిమందితో ఇంటర్వ్యూలు, వాళ్ల మాటల్లోంచి నాలుగు ముక్కలు మధ్యమధ్య అతికించడంగా ముగుస్తుంది. ఆ ముక్కలు తీసేసినా పట్టికలు చెక్కుచెదరవు. అలాంటప్పుడు రెండూ కలిసినట్టు కాదు, పక్కపక్కన నిలబడినట్టు. ఒకటి లేకపోతే రెండోది పుట్టనే పుట్టని సందర్భాలు అరుదు. పాముకాటు లెక్క అలాంటిది, అందుకే దాన్ని విప్పి చూడాలి.

ఆస్పత్రి గుమ్మం దాటని చావులు

ఒక మనిషి ఎందుకు చనిపోయాడో రాసిపెట్టే బాధ్యత మామూలుగా డాక్టరుది. మన దేశంలో డాక్టరు ధ్రువీకరించిన కారణంతో రికార్డుకెక్కే మరణాలు చాలా తక్కువ. 2020లో రిజిస్టరైన మరణాల్లో వాటి వాటా 22.5 శాతం. అంటే రిజిస్టరైన ప్రతి పది చావుల్లో దాదాపు ఎనిమిదింటికి వైద్యుడు చెప్పిన కారణం లేదు. పల్లెల్లో ఇంటిదగ్గర పోయినవాళ్ల విషయంలో ‘గుండెపోటు’, ‘జ్వరం’, ‘వృద్ధాప్యం’ అన్న మాటలతోనే సరిపెడతారు.

పాముకాటు బాధితులు ఈ ఖాళీలోనే జారిపోతారు. 2011 పరిశోధన ప్రకారం వాళ్లలో 97 శాతం గ్రామీణులు, 77 శాతం ఏ ఆస్పత్రిలోనూ లేకుండా చనిపోయినవారు. ఆస్పత్రి రిజిస్టర్లు కూడి తీసిన లెక్క ఎంత నిజాయతీగా తీసినా, నూటికి డెబ్బై ఏడుగురు దానిలోకి రారు. అధికారులెవరో దాచిపెట్టారని కాదు. చూస్తున్న చోట చావు జరగలేదు, జరిగిన చోట ఎవరూ చూడలేదు.

మరి చూసిందెవరు? ఇంట్లోవాళ్లు. చనిపోయిన మనిషి తలాపున కూర్చున్న భార్య, కోడలు, తమ్ముడు. వాళ్ల దగ్గరున్నది వైద్య పరిజ్ఞానం కాదు, జరిగినదాని జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని రాబట్టి, దాని నుంచి మరణ కారణాన్ని వైద్యుడు నిర్ణయించే పద్ధతిని వెర్బల్ అటాప్సీ అంటారు. శవాన్ని కోసి చూసే పోస్టుమార్టం స్థానంలో మాటలతో చేసే పోస్టుమార్టం. దీని మూలాలు పాతవే. పదిహేడో శతాబ్దపు లండన్‌లో చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం కనుక్కొచ్చే పని వృద్ధ స్త్రీలది. వాళ్లు తెచ్చిన సమాచారంతో నిండిన మరణ పట్టికల మీదే 1662లో జాన్ గ్రాంట్ జనాభా శాస్త్రానికి తొలి పుస్తకం లాంటిది రాశాడు. ఆధునిక రూపంలో ఈ పద్ధతి దిద్దుకున్నది చాలావరకు మన పంజాబులోని నారంగ్‌వాల్ గ్రామాల్లో, ఆరోగ్య పరిశోధకుల చేతుల్లో.

ముందు చావుల్ని లెక్కపెట్టాలి

ఎన్ని ఇళ్లు తిరిగి ఎన్ని కథలు విన్నా, అవి ఎవరి కథలో తెలియకపోతే వాటినుంచి దేశం గురించి ఏమీ చెప్పలేం. ఇక్కడ గణాంకాల అవసరం వస్తుంది. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం దశాబ్దాలుగా నడుపుతున్న శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ — ఎస్‌ఆర్‌ఎస్ — అందుకు పునాది. ఈ పరిశోధన నాటికి అందులో ఉన్నవి దేశమంతటా చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్న 6,671 ప్రాంతాలు, 11 లక్షల కుటుంబాలు, దాదాపు 63 లక్షల మంది. వాళ్లలో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో ఏడాది పొడవునా నమోదవుతుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ప్రభాత్ ఝా బృందం రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి ఈ పునాది మీదే వెర్బల్ అటాప్సీని నిలబెట్టింది. అదే ‘మిలియన్ డెత్ స్టడీ’. 2011 నాటి పాముకాటు లెక్క వచ్చింది అందులోంచే.

ఎస్‌ఆర్‌ఎస్‌లో ఒక తెలివైన ఏర్పాటుంది. ఊళ్లో ఉండే ఒక గణకుడు పుట్టుకలూ చావులూ ఎప్పటికప్పుడు రాసుకుంటాడు. ఆరు నెలలకోసారి వేరే అధికారి వచ్చి, ఆ పుస్తకం చూడకుండా, తనంతట తాను ఇంటింటికీ తిరిగి మళ్లీ రాస్తాడు. తర్వాత రెండూ పోల్చి చూస్తారు. సరిపోలనివాటి కోసం మళ్లీ ఆ ఇళ్లకు వెళతారు. ఈ ఆలోచన వెనుక 1949 నాటి ఒక సూత్రముంది. కలకత్తా దగ్గరి సింగూరులో సేకరించిన వివరాలతో సి. చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి దాన్ని ప్రతిపాదించారు.

లెక్క ఇలా ఉంటుంది. మొదటివాడు 90 చావులు రాశాడనుకుందాం. రెండోవాడు 80 రాశాడు. ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నవి 72. రెండోవాడు పట్టుకున్న 80లో మొదటివాడికి దొరికినవి 72, అంటే నూటికి తొంభై. మొదటివాడి వలలో మామూలుగా నూటికి తొంభై పడుతున్నాయన్నమాట. అతను రాసినవి 90 కాబట్టి అసలు చావులు దాదాపు 100 అయి ఉండాలి. ఇద్దరూ కలిసి రాసినవి 98. ఎవరికీ చిక్కని ఆ రెండు చావుల ఆనవాలు కూడా ఈ గుణకారం పట్టిస్తుంది.

నాకు ఈ సూత్రం అందమంతా దాని షరతులో కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పొరబడాలి. ఊరికి దూరంగా ఉన్న గూడేనికి ఇద్దరూ వెళ్లకపోతే, వలస కూలీల గుడిసెల్ని ఇద్దరూ ఇళ్లుగా లెక్కపెట్టకపోతే, పుట్టిన రెండు గంటలకే పోయిన పసికందు గురించి ఇద్దరికీ ఎవరూ చెప్పకపోతే, సూత్రం ఆ లోటును కనిపెట్టలేదు. తప్పిపోయినవి తక్కువేనని ధీమాగా చెబుతుంది. ఆ షరతు నెరవేరిందో లేదో సూత్రంలో తేలదు. ఆ ఊరి గురించి, అక్కడ ఎవరి గడప ఎవరు తొక్కరో, ఏ చావు గురించి ఎవరూ నోరు విప్పరో తెలిసినవాళ్లే చెప్పాలి. కథనంతో పని లేని శుద్ధ గణితం అనుకున్న చోట కూడా కథనం అవసరం పడుతోంది.

కాగితం మీద చివరి రాత్రి

ఎస్‌ఆర్‌ఎస్‌లో చావు నమోదైన ఇంటికి శిక్షణ పొందిన సర్వేయరు వెళతాడు. అతను డాక్టరు కాదు. చేతిలో ఒక ఫారం ఉంటుంది. పసిబిడ్డలకు ఒకటి, పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి. ముందు అవును-కాదు ప్రశ్నలు: జ్వరం ఉందా, ఎన్ని రోజులు, దగ్గు ఉందా, గాయమైందా, పొగతాగే అలవాటుందా. ఆ తర్వాత కొంత ఖాళీ జాగా. చావుకు ముందు ఏం జరిగిందో ఇంటివాళ్లు చెప్పిన క్రమంలో, వాళ్ల భాషలోనే, అరపేజీ మేర రాయాలి. ఆ కొద్ది జాగాలో ఏం జరుగుతుందో చూపడానికి ఒక ఉదాహరణ కల్పిస్తాను. మనిషి కల్పితం, లక్షణాలు మాత్రం వైద్యులకు బాగా తెలిసినవే.

ఆగస్టు నెల. ముప్పై ఎనిమిదేళ్ల కౌలు రైతు భార్య. ఫారంలో గడులు ఇలా నిండాయి: జ్వరం — లేదు. విరేచనాలు — లేదు. కడుపునొప్పి — ఉంది. ఊపిరాడకపోవడం — ఉంది. గాయం — లేదు. పాముకాటు — తెలియదు. వీటిని మాత్రమే చూస్తే ఎవరైనా గుండెపోటనో కడుపుకు సంబంధించిన జబ్బనో అంటారు.

కింద కథనం ఇది. ‘రాత్రి అన్నం తిని వసారాలో చాప మీద పడుకుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి కడుపులో మెలిపెడుతోందంది. అరక్కపోయిందేమోనని సోడా తాగించాం. కాసేపటికి కళ్లు మూతలు పడుతున్నాయి, తెరుద్దామన్నా రావడం లేదంది. నీళ్లిస్తే మింగలేకపోయింది, పక్కనుంచి కారిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. ఆర్‌ఎంపీ వచ్చి ఇంజెక్షన్ వేశాడు. ఆటో ఎక్కించేసరికి ఎగశ్వాస. మండల కేంద్రం చేరకముందే పోయింది.’

కట్లపాము గురించి తెలిసిన డాక్టరు ఇది చదవగానే ఆగిపోతాడు. ఆ పాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కోరల గుర్తు కంటికి ఆనదు. దాని విషం నరాలనుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞల్ని అడ్డుకుంటుంది. ముందు కనురెప్పలు, తర్వాత గొంతు, నాలుక, చివర ఊపిరి ఆడించే కండరాలు. తెల్లవారుజాము కడుపునొప్పి దానికి పేరుపడ్డ లక్షణం. పై కథనంలో ఏ ఒక్క వాక్యంలోనూ పాము లేదు. వాక్యాల వరుసలో ఉంది. వానాకాలం, నేల మీద పడక, మూడు గంటల వేళ, కడుపు, రెప్పలు, మింగుడు, మాట, శ్వాస. ఇదే సమాచారాన్ని ముక్కలు చేసి గడుల్లో పెడితే క్రమం పోతుంది, క్రమంతోపాటు కారణమూ పోతుంది.

అడిగే తీరు కూడా లెక్కను మారుస్తుంది. మన పల్లెల్లో చాలామంది పాము పేరెత్తరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. ఆ సంగతి తెలియని సర్వేయరు పురుగు అన్న మాట విని తేలో జెర్రో అనుకుని రాస్తే ఒక మరణం వేరే గడిలోకి పోతుంది. ఎవరిని అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. ఇంటికి వెళితే అరుగు మీద కూర్చున్న పెద్దాయన సమాధానం చెబుతాడు. ఆ రాత్రి లేచి సోడా తాగించినది కోడలు, ఆమె తలుపు వెనక నిలబడి ఉంటుంది. కనురెప్పల సంగతి ఆమెకే తెలుసు. ఎవరి ముందు నోరు విప్పుతుంది, ఎవరి ముందు విప్పదు అన్న ఎరుక లేకుండా తయారైన ఫారాలు ఎన్ని లక్షలున్నా వాటిలో ఆ కనురెప్పలు ఉండవు.

నిండిన ఫారాన్ని ఆ భాష చదవగలిగిన ఇద్దరు వైద్యులకు విడివిడిగా పంపుతారు. ఒకరేం రాశారో మరొకరికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోని సంకేతంతో కారణం రాయాలి. విషసర్పపు కాటుకు ఎక్స్20. ఇద్దరూ ఏకీభవిస్తే సరే. లేకపోతే ఒకరి వాదన మరొకరికి చూపి మళ్లీ ఆలోచించమంటారు. అప్పటికీ తేలకపోతే మూడో వైద్యుడి నిర్ణయం. కొన్ని ఇళ్లకు వేరే బృందం మళ్లీ వెళ్లి సరిచూస్తుంది. కథనాన్ని గుడ్డిగా నమ్మడం ఇందులో ఎక్కడా లేదు. ఒకే కథనాన్ని ఇద్దరు చదివితే ఒకే మాట చెబుతారా అన్నది కూడా కొలిచి చూసే పరీక్షే.

562 నుంచి 45,900

2001–03 మధ్య ఇలా పరిశీలించిన మరణాలు సుమారు 1,23,000. వాటిలో పాముకాటు అని తేలినవి 562. పరిశోధకులు లెక్కగట్టిన వాటా 0.47 శాతం, దాదాపు రెండు వందల చావుల్లో ఒకటి. 2005లో దేశం మొత్తమ్మీద మరణాలు దాదాపు 98 లక్షలు. దాన్ని 0.47 శాతంతో గుణిస్తే 46 వేలు. పత్రికల పతాక శీర్షికలకెక్కిన అంకె ఇంత చిన్న గుణకారం.

562 అనేది నమ్మదగినంత పెద్ద సంఖ్యేనా? అరుదైన ఘటనల్ని లెక్కపెట్టేటప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గు, ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది. 562 వర్గమూలం 24కు కాస్త తక్కువ. అంటే 4.2 శాతం ఊగిసలాట. నూటికి తొంభై తొమ్మిది పాళ్ల భరోసా కావాలంటే దాన్ని 2.58తో హెచ్చించాలి, దాదాపు 11 శాతం వస్తుంది. 45,900లో 11 శాతం ఐదు వేలు. పరిశోధకులు ప్రకటించిన అవధి సరిగ్గా అంతే: 40,900 నుంచి 50,900 దాకా. పాత అంచనా 11,000 ఈ అవధికి చాలా దూరంలో ఉంది, కాబట్టి తేడా కాకతాళీయం కాదు.

అదే లెక్క మన రాష్ట్రానికి వేసి చూద్దాం. దేశం మొత్తంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 11 శాతం చిల్లర. దామాషాన చూస్తే 562లో అరవై పైచిలుకు మరణాలు మనవి అయి ఉండాలి. అరవై నాలుగనుకుంటే వర్గమూలం ఎనిమిది, ఊగిసలాట 12 శాతానికి మించుతుంది, 99 శాతం భరోసాకు 32 శాతం. అంటే 5,200 అన్నది 3,500 కావచ్చు, దాదాపు 6,900 కావచ్చు. నా మోటు లెక్క ఇది, అయినా హెచ్చరికగా పనికొస్తుంది. జిల్లాల దాకా దిగితే చేతిలో రెండో మూడో కథనాలు మిగులుతాయి. 2018 వానాకాలంలో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఎక్కువై వార్తల్లోకెక్కినప్పుడు, అక్కడ నిజంగా ఏం మారిందో ఈ జాతీయ నమూనా చెప్పలేదు. అక్కడికి వెళ్లి తెలుసుకోవాల్సిందే. సంఖ్య ఎంత దూరం మోస్తుందో దాని వర్గమూలమే చెబుతుంది. ఆ గీత దాటాక కూడా దశాంశ స్థానాలతో మాట్లాడే నివేదికలంటే నాకు భయం.

ఉభయ గోదావరి జిల్లాల్లో ఇదే పద్ధతిని చిన్న పరిధిలో, చాలా సాంద్రంగా వాడిన ఉదాహరణ ఉంది. 45 గ్రామాలు, 1,80,162 జనాభా, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో 1,354 మరణాలు. వాటిలో 98 శాతానికి వెర్బల్ అటాప్సీ పూర్తయింది. పల్లెల్లో జనం అంటురోగాలతోనే పోతారన్న అభిప్రాయం అప్పటికి బలంగా ఉంది. లెక్క తేలేసరికి 32 శాతం చావులకు కారణం గుండెజబ్బులూ పక్షవాతం వంటి రక్తప్రసరణ సంబంధ వ్యాధులు. అంటు, పరాన్నజీవి వ్యాధుల వాటా 12 శాతం. వరిచేల మధ్య ఊళ్లలో పట్నపు జబ్బులనుకున్నవి మొదటి స్థానంలో ఉన్నాయి.

కథనం తడబడే చోటు

ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు దాచకూడని వివాదం ఒకటుంది. 2010లో లాన్సెట్ పత్రికలో ఇదే బృందం మలేరియా లెక్క వేసింది. డెబ్బై ఏళ్లలోపు మలేరియా మరణాలు ఏడాదికి 2,05,000. అప్పటికి భారత్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 15,000. సంస్థ గట్టిగా అభ్యంతరం చెప్పింది. చలిజ్వరం, వణుకు, ఒళ్లు నొప్పులు, అపస్మారకం — ఇవి టైఫాయిడ్‌లో ఉంటాయి, మెదడువాపులో ఉంటాయి, ఇంకెన్నో జ్వరాల్లో ఉంటాయి. కట్లపాము విషానికి ఉన్నట్టు మలేరియాకు ప్రత్యేకమైన నడక లేదు. కోడలు ఎంత శ్రద్ధగా చెప్పినా, సర్వేయరు ఎంత వివరంగా రాసినా, రక్తపరీక్ష లేనిచోట డాక్టరు ఊహించాల్సిందే.

అభ్యంతరం న్యాయమైనది. పరిశోధకులు కూడా 1,25,000 నుంచి 2,77,000 దాకా అని చాలా వెడల్పైన అవధి ఇచ్చారు. వాళ్లు ముందుకు తెచ్చిన సమర్థన మాత్రం ఆలోచింపజేసేది. కథనాల నుంచి తేలిన మలేరియా చావులు దేశపటం మీద ఎక్కడెక్కడ గుమిగూడాయో, మలేరియా నియంత్రణ కార్యక్రమం రక్తపరీక్షల్లో వ్యాప్తి ఎక్కువగా కనిపించిన చోట్లు కూడా చాలావరకు అవే. కథనాలు రాసినవాళ్లకు ఆ పరీక్షల సంగతి తెలియదు, పరీక్షలు చేసినవాళ్లకు కథనాల సంగతి తెలియదు. 2,05,000 అన్న అంకె ఖరారు కాకపోయినా 15,000 మరీ తక్కువన్న అనుమానానికి బలం వచ్చింది. నా దృష్టిలో ఈ గొడవలో ఎవరూ ఓడిపోలేదు. ఏ జబ్బుకు కథనం చాలు, ఏ జబ్బుకు చాలదు అన్న సరిహద్దు మాత్రం స్పష్టమైంది.

ఆత్మహత్యల విషయంలో చిక్కు వేరు. ఇక్కడ కారణం ఇంట్లోవాళ్లకు తెలుసు, చెప్పడమే కష్టం. ఆత్మహత్యాయత్నం చాలాకాలం శిక్షాస్మృతిలో నేరం. పోలీసు కేసు, పోస్టుమార్టం, ఊరి మాటలు, ఇంకా పెళ్లి కావాల్సిన చెల్లెలు. ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట జిల్లా వార్తల్లో ఎన్నిసార్లు చదివామో. ఇదే అధ్యయనం నుంచి 2012లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ 15 ఏళ్లు దాటినవాళ్ల 95,335 మరణాల్లో 2,684 ఆత్మహత్యలని గుర్తించి, 2010 సంవత్సరానికి 1,87,000 అని అంచనా కట్టింది. పోలీసు రికార్డుల నుంచి జాతీయ నేర నమోదు సంస్థ అదే ఏడాదికి ఇచ్చిన సంఖ్య 1,34,599. తేడా స్త్రీల విషయంలో ఎక్కువ. పురుషుల ఆత్మహత్యల్లో కనీసం నాలుగో వంతు, స్త్రీలవాటిలో మూడో వంతుకు మించి పోలీసు లెక్కలో లేవు.

తెలుగువాళ్లకు ఇందులో మరింత బాధ కలిగించే అంకె ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ — నాలుగు రాష్ట్రాలు, దేశ జనాభాలో 22 శాతం, పురుషుల ఆత్మహత్యల్లో 42 శాతం, స్త్రీలవాటిలో 40 శాతం. విషం తాగి పోయినవాళ్లు సుమారు సగం, అది చాలావరకు పొలానికని ఇంట్లో పెట్టుకున్న పురుగుమందు. పోలీసు పట్టికలో ఒక చావుకు ఒక కారణమే ఉంటుంది: కుటుంబ తగాదాలు, అనారోగ్యం, అప్పులు. ఇంట్లోవాళ్లను కథగా చెప్పమంటే ఒక్క కారణం రాదు. బోరు ఎండిన ఏడాది, వడ్డీ, తాగుడు, ఆ సాయంత్రం మాటామాటా పెరగడం, చేతికందే దూరంలో డబ్బా, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిలో ఏ లంకె తెంచితే మనిషి నిలబడేవాడో ఆలోచించాలంటే ఆ వరుస కావాలి, ఏ లంకె ఎంతమంది విషయంలో ఉందో తెలియాలంటే సంఖ్య కావాలి. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడి ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. అప్పులూ తగాదాలూ ఆ దేశంలోనూ ఉన్నాయి, చేతికందే డబ్బాలోని విషమే మారింది.

ఇప్పుడు డాక్టరు చదవకుండా కంప్యూటరే కారణం తేల్చే ప్రోగ్రాములు వచ్చాయి. ఇంటర్‌వీఏ వాటిలో పేరున్నది. వైద్యుల కొరత ఉన్న దేశాలకు అది పెద్ద సాయం, ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే. అయితే దానికి కావాల్సింది అవును-కాదు జవాబులే. ఖాళీ జాగాలో రాసిన కథనం దానికి అక్కర్లేదు. అక్కర్లేనిదాన్ని రాయించడం మెల్లగా ఆగిపోతుందని నా భయం. యంత్రం వాడినా సరే, కథనాన్ని ఫారంలోంచి తీసేయకూడదు. రేపెవరైనా కొత్త ప్రశ్నతో వెనక్కి వెళ్లి చూడాలంటే గడుల్లో జవాబు ఉండదు.

77 శాతం వెనుక

2020లో ఇదే పరిశోధన కొనసాగింపు వచ్చింది. 2001 నుంచి 2014 వరకు 6,11,483 వెర్బల్ అటాప్సీలు, వాటిలో 2,833 పాముకాటు మరణాలు. దాని ప్రకారం 2000 నుంచి 2019 వరకు 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58,000 మంది పోయారు. నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. దాదాపు సగం చావులు జూన్–సెప్టెంబరు మధ్య. డెబ్బై శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో తెలంగాణ కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న మూడు ప్రశ్నలకు ఇంతకంటే మంచి జవాబు మన దగ్గర లేదు.

ఆస్పత్రి బయటే ఎందుకు పోయారు అన్నదానికి మాత్రం ఈ ఫారం జవాబివ్వదు. అది మరణ కారణం కోసం తయారైనది, ఆలస్యానికి కారణం కోసం కాదు. గర్భిణుల మరణాల మీద పనిచేసినవాళ్లు ఈ రెండో ప్రశ్నకు ఒక చట్రం ఎప్పుడో ఇచ్చారు. 1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆలస్యాన్ని మూడుగా విడదీశారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జరిగేది, చేరుకోవడంలో జరిగేది, చేరాక వైద్యం అందడంలో జరిగేది. పాముకాటుకు ఇది అచ్చంగా సరిపోతుంది. మంత్రం వేసేవాడి దగ్గర గడిచిన రెండు గంటలు మొదటిది. బండి దొరక్క గడిచిన గంట రెండోది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషానికి విరుగుడు ఇంజెక్షన్ లేకపోవడమో, ఉన్నా ఇవ్వడానికి జంకి జిల్లా ఆస్పత్రికి పంపేయడమో మూడోది. ఒక్కో ఆలస్యానికి మందు వేరు. మొదటిది మంత్రగాడితో మాట్లాడితే తీరేది, రెండోది వాహనంతో, మూడోది మందు నిల్వతోనూ డాక్టరు శిక్షణతోనూ. ఊరికి కావాల్సింది ఏదో తెలియకుండా మూడింటికీ డబ్బు ఖర్చు పెట్టవచ్చు, అయినా ఆ ఊళ్లో మరణాలు తగ్గకపోవచ్చు.

77 శాతం అన్నది 2001–03 నాటి అంకె అని కూడా గుర్తుంచుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు మొదలైంది 2005 ఆగస్టు 15న. రెండో ఆలస్యాన్ని అది ఎంత తగ్గించింది, మొదటిదాన్ని ఏమైనా కదిలించిందా అన్నది ఆ పాత అంకెలో లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030 నాటికి మరణాలు సగానికి తగ్గాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. మంచి అడుగే. కానీ నివేదిక పంపేది ఆస్పత్రి. చికిత్స దాకా వచ్చినవాళ్లే అందులో ఉంటారు. ప్రచారం ఫలించి ఎక్కువమంది ఆస్పత్రికి రావడం మొదలైతే రిజిస్టర్లో కాట్లూ పెరుగుతాయి, చావులూ పెరుగుతాయి, ఊళ్లలో నిజంగా తగ్గుతున్నా సరే. ఆ పెరుగుదల చూసి పథకం విఫలమైందని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది. సగమైందో లేదో 2030లో చెప్పాలంటే ఎస్‌ఆర్‌ఎస్ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లే సర్వే ఆగకూడదు. పాముకాటు అని తేలిన ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు రెండోసారి వెళ్లి, కాటు పడ్డ క్షణం నుంచి గంట గంటకూ ఏం చేశారో, ఎవరు ఏం చెప్పారో, ఎక్కడ ఆగారో, ఎంత ఖర్చయిందో వాళ్లు చెప్పిన వరుసలోనే రాసుకోవాలి.